పంక్తికి రాని కడుపు

దేవరకొండ,
14-6-1998.

అండాలక్కకు,

నీ తమ్ముడు దశరథం నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలు సైదమ్మా ఉన్నాం. మక్తల్లో నువ్వూ, ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. మేమూ బాగున్నామని రాయడం ఉత్తరానికి మర్యాదే కానీ, ముప్పై ఏళ్లుగా పత్రికల్లో పక్కవాళ్ల అబద్ధాలు పట్టుకుని ఏకుతున్నవాణ్ణి, మొదటి వాక్యంలోనే నేనొకటి రాయలేక "ఉన్నాం" అని వదిలేశాను.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. జవాబు నాలుగుసార్లు రాసి చింపాను. పేజీలకు పేజీలు వ్యాసం ఒక్క ఊపులో రాసేవాడు అక్కకు ఉత్తరం రాయలేకపోవడం ఏమిటని సైదమ్మ ఎగతాళి చేస్తోంది. వ్యాసంలో తప్పు ఎప్పుడూ ఎదుటివాడిది కదా, అందుకే చేయి ఆగదు.

బరువు ఎంతకు వచ్చింది అని అడిగావు. బొంబాయి పోకముందు నూట ఇరవై ఆరు కిలోలు, ఇప్పుడు ఎనభై మూడు. ఇక్కడి దవాఖాన కాంటా అప్పట్లో నన్ను మోయలేకపోయింది కనుక రైసుమిల్లులో బస్తాలు తూచే కాంటా మీద నిలబడేవాణ్ణి. ఇప్పుడూ అక్కడికే పోతున్నాను. మొన్న హమాలీ గుర్వయ్య ముల్లు చూసి, "సారూ, సగం బస్త తక్కువొస్తాంది. తొవ్వల ఎక్కడన్న పొక్క వడ్డదా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈ ఆరు నెలల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే. మిగతావాళ్ల మాటలు వింటే ఒళ్లు మండుతుంది. ఒకడు ఎదురై "ఇప్పుడు మంచిగున్నవ్ సారూ" అంటాడు, ఇన్నాళ్లూ నేను మనిషినే కానట్టు. ఇంకొకడు నా దవడలు చూసి, నేను బొంబాయి పోయొచ్చిన సంగతి గుర్తుచేసుకుని, రెండడుగులు వెనక్కి జరుగుతాడు. బొంబాయికి కూలికి పోయి చిక్కి వచ్చినవాళ్లను మన ఊళ్లు ఎట్లా చూస్తున్నాయో, ఏ రోగం పేరు పెట్టి గుసగుసలాడుతున్నాయో నేనే రెండు వ్యాసాలు రాశాను. ఇప్పుడు ఆ చూపు నా మీద పడ్డాక, ఆ వ్యాసాలు ఎంత మొద్దుగా రాశానో తెలుస్తోంది.

రొట్టెలు చేసి పంపనా అన్నావు. వద్దక్కా. గంజి నువ్వున్న నెలకే అనుకున్నావేమో, జొన్నరొట్టె నాకు ఇక లేదు. డాక్టరు నా కడుపును కోసి తీసేయలేదు, పైభాగాన అడ్డంగా కుట్టేశాడు. మెతుకు పోయేది ఇప్పుడు నిమ్మకాయంత సంచిలోకి. దాని మూతికి ఒక పట్టీ. గంజి నాలుగు చెంచాలు, మెత్తటి పప్పన్నం రెండు ముద్దలు, అదీ అరగంట సేపు నమిలి నమిలి మింగాలి. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు. ఒక్క ముద్ద ఎక్కువైనా, ఒక్క ముక్క సరిగా నలగకపోయినా రొమ్ములో రాయి పడ్డట్టు నిలుస్తుంది. చెమట్లు పడతాయి, నోట్లో నీళ్లూరుతాయి, ఆ తర్వాత అది ఎక్కడినుంచి పోయిందో అక్కడినుంచే వస్తుంది. ఆకలి మాత్రం పోలేదు. అది కడుపులో ఉండదని, మనిషి మొత్తంలో ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

వచ్చేటప్పుడు డాక్టరు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. ఏం తినాలో, ఎంత తినాలో అందులో ఉంది. సూపు తాగమంది, జున్ను తినమంది, రోజూ ఈత కొట్టమంది. దేవరకొండలో ఈత కొట్టడానికి ముందు వాన పడాలి. పోనీ అది వదిలెయ్. మనిషి ఒక్కడే బల్ల ముందు కూర్చుని తింటాడని నమ్మినవాళ్లు రాసిన పుస్తకం అది. పిలిస్తే పోవాల్సిన ఇల్లు అందులో లేదు. పోయి తినకపోతే ఏమవుతుందో అందులో లేదు.

నాకు ఆ ఆపరేషన్ అవసరం లేదని ఎవడైనా అంటే ఇప్పటికీ కొట్లాడతాను. చక్కెర రోగం, మోకాళ్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రెండేళ్లు కూడా కష్టమని డాక్టరు నీ ముందే అన్నాడు. దానికి తోడు వేదికల మీద అవమానం. కరువు మీద నేను మాట్లాడుతుంటే వెనకనుంచి ఎవడో "ముందు నీ కడుపు జూస్కో" అని అరిచేవాడు. వాణ్ణి ఏమనగలను? మా పత్రికలో దోపిడీదారు బొమ్మ వేయమంటే ఇన్నేళ్లూ ఏం వేయించాం? పెద్ద బొజ్జ, దానిమీద బంగారు గొలుసు. బొమ్మలేసే పిల్లవాడు ఒకసారి నన్ను చూసి కలం ఆపేస్తే, "వెయ్ వెయ్, గొలుసు మాత్రం నాకు లేదు" అన్నాను. లావుపాటి మనిషి దొంగ, బక్కపల్చటి మనిషి నిజాయితీపరుడు. ఇంత మొద్దు ఆలోచనను మేం రాజకీయం అనుకున్నాం.

నా వైపు వాదన ఒకటుండేది. నా బొజ్జ నా ఇంటి తిండితో పెరగలేదు, నా రాజకీయంతో పెరిగింది అని. నీకు గుర్తుందిగా, డెబ్బై నాలుగులో నేను మన ఊరి దళితవాడలో మొదటిసారి అన్నం తిన్నది ఉప్పలమ్మ చేతినే. "ఏం తమ్మీ, మా గట్క తింటవా, మీ నాయినకు భయపడి ఉరుకుతవా?" అంది. తిన్నాను. ఆ జొన్న గట్క తిన్న రోజు నుంచి ఏ ఇంట్లో పెట్టినా కాదనలేదు. ఒక్కోరోజు నాలుగు ఇళ్లలో తిన్నాను. ఒక ఇంట్లో తిని ఇంకో ఇంట్లో కాదంటే, నేను వాళ్ల గిన్నెకు వంక పెట్టానని అనుకుంటారు. ఉప్పలమ్మ నన్ను తమ్ముడంది కనుక ఆమె మొగుడు జానయ్య నన్ను "బామ్మర్దీ" అని పిలిచాడు. పోలీసు పటేలు కొడుకును, ఊరు ఊరంతా వినేటట్టు. మన నాయిన ఆ పిలుపు విని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను.

"జానయ్య ఏమన్నడు నిన్ను గిట్ల జూసి?" అని రాశావు. ఉత్తరాలన్నీ ఈ ప్రశ్న దగ్గరే చిరిగిపోయాయి.

అక్కా, జానయ్యకు ఆపరేషన్ సంగతి నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఇక్కడ నెల రోజులుండి నాకు గంజి కాచినప్పుడు ఒక మాట అన్నావు. "ఊరికి జెప్పు దశరథం, రోగమొస్తే కోయిచ్చుకుంటరు, దాంట్ల దాపరికమేంది?" అని. నీకు లోకం తెలియదని నిన్ను కసిరాను. నాకు తెలిసిన లోకం ఏమిటంటే, పోయినేడు వానలు ఎగ్గొట్టాయి, వాడలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, ఉన్నవాళ్లు ఒక్క పూట పొయ్యి వెలిగిస్తున్నారు. వాళ్ల దగ్గరికి పోయి, నాకు తిండి ఎక్కువైంది, కడుపు కుట్టించుకోవడానికి బొంబాయి పోతున్నాను అని చెప్పే నోరు నాకు లేకపోయింది. బస్టాండులో జానయ్య అడిగితే, "బొంబాయిల మనోళ్లు ఎట్ల బతుకుతున్నరో జూసి రాస్త" అన్నాను.

పాలమూరు నుంచి బొంబాయి పోయే బస్సులో నాతో పాటు ఎక్కినవాళ్లందరూ కూలికి పోయేవాళ్లే. గిన్నెలు, బొంతలు, పిల్లలు. నా పక్కన కూర్చున్న ముసలామె మూట విప్పి, "రొట్టె తింటవా కొడుకా, దూరం పోవాలె" అంది. తిన్నాను. ఆకలితో బొంబాయి పోతున్నవాళ్ల రొట్టె తిని, తిండి తగ్గించుకునే దవాఖానకు పోయాను. ఇది నీకూ అప్పుడు చెప్పలేదు.

తిరిగొచ్చాక జానయ్యే నా అబద్ధానికి బట్టలు తొడిగాడు. "మా బామ్మర్ది బొంబాయిల కూలోళ్ల గుడిసెలల్ల వండుకొని, వాళ్ల తిండే తిని గింతయిండు" అని ఊరంతా చెప్పుకున్నాడు. మార్చిలో కూలీల సభలో నన్ను ఆ మాటతోనే వేదిక ఎక్కించారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, కాదు అనాలి. మైకు ముందు నిలబడి ప్రభుత్వాన్ని తిట్టాను. బాగా తిట్టాను కూడా.

మే నెలలో ఉప్పలమ్మ చచ్చిపోయింది. నీకు కార్డు రాశాను కానీ దినాల సంగతి రాయలేదు. రెండేళ్లుగా దగ్గు. మందులు వాడుతూనే ఉంది. ఆ మందులకు తోడు మంచి తిండి తినాలని ప్రతి డాక్టరూ చెప్పాడు. ఆమె తూకం ఎవరూ వేయలేదు. పాడె ఎత్తినప్పుడు నా భుజానికి బరువే తగల్లేదు.

పదకొండో దినం మధ్యాహ్నం పిట్టకు పెట్టారు. ఊరి బయట గట్టు మీద విస్తరిలో అన్నం, కూర, ఆమెకు ఇష్టమని చింతపండు పచ్చిపులుసు. కాకి ముట్టేదాకా ఎవరూ అన్నం దగ్గరికి రారు. ఈ ఆచారాన్ని ఎద్దేవా చేస్తూ నేను పూర్వం ఉపన్యాసాలు దంచినవాణ్ణే. ఆ రోజు నోరు మూసుకుని నిలబడ్డాను. కాకి తొందరగానే వచ్చింది. జానయ్య ముఖం తేటపడింది. ఇంటికొచ్చి బంతి వేశారు. వాళ్ల ఇంటి పద్ధతిలో, చచ్చినామె పుట్టింటివాళ్లు మొదటి ముద్ద తిన్నాకే మిగతావాళ్లు చేయి పెడతారు. ఉప్పలమ్మకు పుట్టింటివాళ్లు ఎవరూ మిగల్లేదు.

"నువ్వొక్కనివే ఉన్నవ్ బామ్మర్దీ. కూసో" అన్నాడు జానయ్య.

కూర్చున్నాను. వాళ్ల బిడ్డ బక్కమ్మ అన్నం వడ్డించి మాంసం కూర వేసింది. బంతిలో ముప్పై మంది. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని నా చేతిని చూస్తున్నారు. మొదటి ముద్ద నమిలి మింగాను. నెమ్మదిగా రెండోది. అందరూ మొదలుపెట్టారు. నేను వేళ్లతో అన్నం కలుపుతూ కాలం గడుపుతున్నాను. జానయ్య వచ్చి మంచి ముక్క ఒకటి ఏరి నా విస్తర్లో వేసి, "దాని పేరు మీద, ఇదొక్కటి తిను" అన్నాడు. ఆపరేషన్ అని ఆ క్షణంలో ఒక్క మాట చెబితే అయిపోయేది. నేను ముక్క నోట్లో పెట్టుకున్నాను.

రొమ్ములో నిలిచింది. చెమట్లు పట్టాయి. నడిబంతిలో లేచి, ఎంగిలిచేయి నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెనక్కు పోయాను. మొత్తం వచ్చేసింది. తల ఎత్తితే చెంబుతో బక్కమ్మ నిలబడి ఉంది.

"ఏమైంది మామా?"

"ఏం లేదు బిడ్డా. ఎండదెబ్బ."

ఆమె కింద చూసింది, నన్ను చూసింది. చెంబు నేల మీద పెట్టి పోయింది.

నేను తిరిగొచ్చేసరికి బంతిలో మాటలు ఆగిపోయాయి. నర్సింగమ్మ అని ముసలామె, నాకు ఎన్నోసార్లు పెట్టినామె, నా వైపు చూడకుండానే అంది: "పటేల్ల కడుపు గద. మన కూడు ఎన్నొద్దులు ఆగుతది దాంట్ల." ఎవరూ ఆమెను వారించలేదు. జానయ్య నా విస్తరి తనే తీసి మడుస్తూ మెల్లగా అన్నాడు. నాతో అన్నాడో, పోయినామెతో అన్నాడో తెలియదు.

"పిట్టయిన ముట్టింది."

నాలుగు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. అయిదో రోజు చెబుదామని పోయాను. నన్ను చూసి జానయ్య మంచం మీద దుప్పటి పరిచి, "రా పటేలా, కూసో" అన్నాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ పిలుపు అతని నోట వినడం. బక్కమ్మను సర్దార్ హోటలుకు పంపి హోటలు గ్లాసులో చాయ తెప్పించాడు. పై కులం వాళ్లు వాడకు వస్తే ఏం చేస్తారో అదే. తన ఇంటి గ్లాసు తీయలేదు.

అంతా చెప్పాను. బొంబాయి, దవాఖాన, నిమ్మకాయంత సంచి, నా అబద్ధం. జానయ్య నా కడుపు వైపు చూశాడు.

"కోసి తీసేసిన్రా?"

"తియ్యలే. కుట్టిన్రు."

"గోతం మూతి కుట్టినట్టు."

"అట్లనే."

"గా మాట ముందే జెప్తె ఉప్పలి గంజి కాసిస్తుండె గదా" అన్నాడు. కోపంతో కాదు. అదే నేను తట్టుకోలేకపోయాను. "సిగ్గయింది జానయ్యా, మీకు లేక చస్తుంటే నాకు ఎక్కువైందని ఎట్ల జెప్పాలె" అన్నాను. అప్పుడు అతనికి కోపం వచ్చింది.

"నీకు ఎక్కువ, మాకు తక్కువ. గది మాకు మొదటి దినం నుంచి ఎర్కనే. దాపెట్టనీకి ఏమున్నది దాంట్ల? నువ్వు తింటె మాకు ఇజ్జతి, తినకుంటె మాకు అవమానం. గన్నేండ్లు మా ఇజ్జతంత తీస్కపోయి నీ కడుపుల వెట్టినం పటేలా. గిప్పుడు నువ్వు దాన్ని కుట్టించుకొచ్చినవ్."

వాదనకు అలవాటు పడ్డవాణ్ణి కదా, నేను ఆగలేదు. ఇన్నేళ్లు మీ ఇళ్లలో తిన్నవాణ్ణి, నాలో కులం చూస్తావా అన్నాను.

"మా ఇంట్ల నువ్వు తిన్నవ్. నీ ఇంట్ల నేనెప్పుడు తిన్న?"

అక్కా, అతను మన ఇంట్లో తిన్నది ఒక్క పూట చెప్పు. మన పాత ఇంట్లో నాయిన బతికుండగా జానయ్యకు చూరులో వేరే గ్లాసు ఉండేది, దాన్ని నువ్వు కర్రతో తీసి నీళ్లు పోసేదానివి, దాని మీద నిన్ను ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుంది. ఆ ఇల్లు విడిచి ఇరవై ఏళ్లయింది. దేవరకొండలో ఇది నా ఇల్లు, నా గ్లాసులు. జానయ్య ఎన్నోసార్లు వచ్చాడు. వరండాలో కూర్చున్నాం, చాయ తాగాం, ప్రపంచాన్ని చీల్చి చెండాడాం. అన్నం వేళకు అతను లేచి, "బస్సు పోతది బామ్మర్దీ" అనేవాడు. నేను ఒక్కసారి కూడా బస్సు పోనీ అనలేదు. సైదమ్మ కాదంటుందేమో అని కూడా కాదు, ఆమెను అడగనే లేదు. నాకు గుర్తుకే రాలేదు. నీది తెలిసి చేసిన తప్పు. నాది తప్పని కూడా తెలియని తప్పు. రెంటిలో ఏది పెద్దదో నువ్వే తేల్చు.

పోయిన ఆదివారం భోజనానికి రమ్మని పిలిచాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. తెల్ల ధోవతి కట్టుకుని, శుభ్రంగా తల దువ్వుకుని వచ్చాడు. వంటింటి పక్క గదిలో చాప మీద పక్కపక్కనే కూర్చున్నాం. సైదమ్మ పొద్దున్నుంచీ వండింది. అతని ముందు నిండు పళ్లెం పెట్టింది. నా ముందు చిన్న గిన్నెలో గంజి. నాలుగు చెంచాలకే నాది అయిపోయింది. అతను ఇంకా మొదలుపెట్టలేదు. నా గిన్నె వైపు, తన పళ్లెం వైపు చూశాడు.

"నువ్వు తినవు. నన్ను కూసోవెట్టి, పెట్టి, జూస్తవు" అన్నాడు. "మా నాయిన గిట్లనే తిన్నడు. మీ అరుగు కింద. మీ నాయిన పైన కూసోని జూస్తుంటె."

లేచి పోతాడనుకున్నాను. సైదమ్మ గడపలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. జానయ్య ఆమెను చూసి, "నువ్వేం జేసినవ్ చెల్లే. తింట" అన్నాడు. తిన్నాడు. తల ఎత్తకుండా, పళ్లెం మొత్తం. ఆ అరగంటా నేను చూస్తూ కూర్చున్నాను. నాకు ఇంకో పని లేదు. లేచి అవతలికి పోతే ఒక అవమానం, కూర్చుంటే ఒక అవమానం.

తిన్నాక పళ్లెం పట్టుకుని పెరట్లోకి పోయాడు. సైదమ్మ పరుగెత్తి, "అన్నా, ఇటియ్యి, నేను కడుగుత" అని పళ్లెం పట్టుకుంది. అతను వదల్లేదు. "ఉండనీ చెల్లే, మాకు అలవాటే" అన్నాడు. తొట్టి దగ్గర కూర్చుని, బూడిద వేసి తోమి, కడిగి, పెరటి గోడ మీద బోర్లించాడు. తువ్వాలతో చేతులు తుడుచుకుని, "పోయొస్త పటేలా" అని వెళ్లిపోయాడు.

ఈరోజుకు వారం. ఆ పళ్లెం అక్కడే ఉంది. లోపలికి తెచ్చి మన గిన్నెల్లో కలిపితే అతను అన్నది వినలేదన్నట్టు. బయటే ఉంచితే అది వేరే పళ్లెమే అయినట్టు. సైదమ్మ నన్ను అడుగుతోంది, ఏం చేద్దామని.

ఇట్లు,
నీ తమ్ముడు
దశరథం.